దారానికి రెండో కొస



చిన్నప్పుడు సైకిల్ తొక్కిన రోజులు ఒక్కసారి గుర్తు చేసుకోండి. వీధి ఖాళీగా ఉన్నప్పుడు, అమ్మ చూడటం లేదని తేలాక, హ్యాండిల్ మీద నుంచి రెండు చేతులూ తీసేసి తొక్కేవాళ్ళం. హ్యాండిల్ కాస్త అటూ ఇటూ ఊగి, మళ్ళీ తనంతట తానే తిన్నగా వచ్చేది. దాన్ని ఎవరు తిప్పారు? సైకిల్ ముందు ఫోర్కును గమనించండి. నిట్టనిలువుగా ఉండదు. పైభాగం మన వైపుకూ కిందిభాగం ముందుకూ వాలి ఉంటుంది. చక్రం దారిలోకి రావటంలో ఆ వాలు పాత్ర చాలా ఉంది. కారు ముందు చక్రాలకూ అలాంటి వాలే ఉంటుంది. మెకానిక్కులు దాన్ని క్యాస్టర్ అంటారు. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ వాలు చుట్టూనే తిరుగుతుంది.

నేను పదేళ్ళకు పైగా జపాన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. టోక్యోకి ఉత్తరాన సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, తోచిగి ప్రాంతంలో, ఉత్సునొమియా అనే ఊళ్ళో ఉంటాను. సెలవు రోజుల్లో డ్రిఫ్టింగ్ చేస్తాను. పోటీలకు వెళ్ళే స్థాయి కాదు, ఆ ఉద్దేశమూ లేదు. ఇష్టం కొద్దీ నేర్చుకుంటున్నదాన్ని. మా ఊళ్ళోనే నిక్కో సర్క్యూట్ అని ఒక చిన్న ట్రాక్ ఉంది. చుట్టు కొలత కిలోమీటరుకు కాస్త అటూ ఇటూ. జపాన్‌లో డ్రిఫ్టింగ్ చేసేవాళ్ళలో ఆ పేరు విననివాళ్ళు ఉండరు.

డ్రిఫ్టింగ్ అంటే ఏమిటో వినే ఉంటారు. సినిమాల్లో చూసే ఉంటారు. కారు ముక్కు ఒక వైపుకు ఉంటుంది, కారు పోయేది ఇంకో వైపుకు. వెనక టైర్లు పొగలు కక్కుతూ జారుతుంటాయి. ముందు చక్రాలు మాత్రం మలుపుకు ఎదురు దిక్కుకు తిరిగి ఉంటాయి. కుడి మలుపులో పోతున్న బండికి ముందు చక్రాలు ఎడమకు చూస్తుంటాయి. బయటి నుంచి చూసేవాళ్ళకు డ్రైవరు చేతిలోంచి బండి జారిపోయిందేమో అనిపిస్తుంది. కానీ ఆ జారుడును మలుపు మొదలు నుంచి చివరి దాకా, ఆపైన పక్క మలుపులోకి కూడా తెగకుండా తీసుకుపోవాలి. ఈ ఆటలో కష్టమంతా అక్కడే.

టైరుకు నేల మీద పట్టు ఇంత అని ఒక హద్దు ఉంటుంది. బండిని ముందుకు నెట్టాలన్నా, మలుపులో పక్కకు కొట్టుకుపోకుండా ఆపాలన్నా ఉన్నది ఆ ఒక్క పట్టే. ఇంజను బలంతో వెనక చక్రాల్ని నేలకన్నా వేగంగా తిప్పామంటే, ఉన్న పట్టంతా దానికే ఖర్చయి పక్కకు ఆపటానికి ఏమీ మిగలదు. వెనక భాగం బయటికి జారుతుంది. అందుకే ఇంజను బలం వెనక చక్రాలకు వెళ్ళే బండి కావాలి. మన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని అలాంటివే. 1983లో మారుతి 800 వచ్చాక మన ఊళ్ళలో చిన్న కార్లు దాదాపు అన్నీ ముందు చక్రాలతో లాగేవి అయిపోయాయి. ఇంట్లో వాడుకోవటానికి అదే మంచిది. డ్రిఫ్టింగ్‌కి మాత్రం పనికిరాదు.

ఈ జారుడును జపాన్ జనం కళ్ళముందు పెట్టిన మనిషి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఆయన పేరు తకహషి కునిమిత్సు. మొదట్లో మోటార్‌సైకిల్ పందేల వీరుడు. 1961లో పశ్చిమ జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో హోండా 250 సీసీ బండి మీద గెలిచి, ప్రపంచ గ్రాండ్ ప్రి పందెం నెగ్గిన తొలి జపానీయుడయ్యారు. మరుసటి ఏడు ఐల్ ఆఫ్ మ్యాన్ పందెంలో పడి ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. ఆ తర్వాత కార్లలోకి వచ్చారు. 1970ల నాటి టైర్లకు ఇప్పటి పట్టు లేదు. అందరూ మలుపు ముందు వేగం తగ్గించుకుంటుంటే, ఆయన వేగంగా లోపలికి వచ్చి, వెనక చక్రాల్ని జారనిచ్చి, ఆ జారుడులోనే బండి ముక్కును బయటి దారికి తిప్పుకునేవారు. చూసే కుర్రకారుకు పిచ్చెక్కిపోయింది.

ఆ కుర్రకారులో నాగనో ప్రాంతపు త్సుచియా కెయిచి ఒకరు. ఉసుయి కనుమ దారుల్లో రాత్రిళ్ళు బండి నడుపుతూ ఆ విద్యను సాధన చేశారు. ఆయన పేరుతో ముడిపడ్డ బండి టొయోటా ఏఈ86. 1600 సీసీ ఇంజను, బరువు టన్నుకు లోపే. 1987లో ప్లస్పీ అనే పేరుతో ఆయన కనుమ దారిలో నడిపిన తీరు వీడియోగా వచ్చింది. దేశమంతా చూసింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా నచ్చిన సంగతి వేరే ఉంది. 1995లో ఫ్రాన్స్‌లోని లె మాన్‌లో 24 గంటల పందెం జరిగింది. జీటీ2 తరగతిలో గెలిచింది ఒక హోండా ఎన్ఎస్ఎక్స్. దాన్ని వంతులవారీగా నడిపింది ముగ్గురు. అందులో ఇద్దరు తకహషి, త్సుచియా. కంచెకు ఇవతల నిలబడి చూసిన కుర్రాడు, తను చూసిన మనిషితో కలిసి ఒకే స్టీరింగు పట్టుకున్నాడు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

కనుమ దారుల్లో ఆ సాధన ఎంతోమంది ప్రాణాలకు ముప్పు తెచ్చింది. ఎదురుగా వచ్చేది పాల వ్యానో, చంటిబిడ్డతో వస్తున్న కుటుంబమో మలుపు తిరిగే దాకా తెలియదు. 2001 నుంచి డీ1 గ్రాండ్ ప్రి పేరుతో ట్రాకుల మీద వరసగా పోటీలు నడవటం మొదలయ్యాక ఆ ఆటకు ఒక ఇల్లు దొరికింది. నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా రోడ్డు మీద బండిని జారనివ్వలేదు. మన దగ్గర అర్ధరాత్రి వెడల్పాటి రోడ్ల మీద ఈ పని చేస్తున్న పిల్లల వీడియోలు చూసినప్పుడు గుండె గుభేలుమంటుంది. ఈ మాట వింటున్న కుర్రాళ్ళు ఎవరైనా ఉంటే, మీ అక్కగా చెబుతున్నాను, నాయనా, దయచేసి వద్దు. ట్రాక్ మీద తప్పు చేస్తే టైర్ల గోడకు తగులుతాం. రోడ్డు మీద తప్పు చేస్తే తగిలేది మనిషికి.

ఇక నా బండి సంగతి. 2016లో కొన్నాను. నిస్సాన్ సిల్వియా, ఎస్14 అంటారు. 1990ల నాటి బండి. రెండు లీటర్ల ఇంజను, టర్బో లేని రకం, 160 గుర్రాల బలం. టర్బో ఉన్నదానికి 220. గ్యారేజీలో అందరూ టర్బో బండి కొనమన్నారు. ఒక్క పెద్దాయన మాత్రం వద్దన్నారు. ఆయన దగ్గరే నేను నేర్చుకున్నాను. ఊరి చివర చిన్న గ్యారేజీ, పైన రేకుల కప్పు, మూల నూనె మరకల కుర్చీ. అక్కడ నిలబడితే నాకు మా ఊరు వచ్చినట్టే ఉండేది. "బలం ఎక్కువుంటే నీ తప్పుల్ని అది కప్పేస్తుంది. తక్కువుంటే ఏ తప్పు ఎక్కడ చేశావో బండే చెబుతుంది" అన్నారు. ఆయన మాట విన్నాను. ఇప్పటికీ ఆ ఇంజనును ముట్టుకోలేదు. ఆయిలు చల్లబరిచే కూలర్ ఒకటి పెట్టాను, రేడియేటరు పెద్దది వేశాను, అంతే. బండి అడ్డంగా పోతున్నప్పుడు ఎదురుగాలి నేరుగా రేడియేటరుకు తగలదు. ఇంజనేమో గొంతెత్తి తిరుగుతుంటుంది. వేడి కాచుకోవటం అందుకే అవసరం.

బండికి మొదట చేయించిన పెద్ద పని డిఫరెన్షియల్‌ది. మామూలు బండిలో మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి కాబట్టి, రెండిటినీ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే ఏర్పాటు ఉంటుంది. మన లారీకి ఒక చక్రం బురదలో దిగబడితే అదొక్కటే గిర్రున తిరుగుతుంది చూడండి, గట్టి నేల మీదున్న చక్రం కదలదు. దాని వల్లే. డ్రిఫ్టింగ్‌లో అది కుదరదు. వెనక చక్రాలు రెండూ కలిసి జారాలి. అందుకని లోపల పలకల క్లచ్ ఉండి రెండు చక్రాల్నీ కట్టిపడేసే డిఫరెన్షియల్ వేస్తారు. యాక్సిలరేటర్ తొక్కినా, వదిలినా పట్టి ఉంచేదాన్ని టూ-వే అంటారు. నేను అదే వేయించాను. పార్కింగ్‌లో మెల్లగా మలుపు తిప్పితే కింద నుంచి కటకట కటకటమని శబ్దం వస్తుంది. తెలియనివాళ్ళు బండి విరిగిందనుకుని ఆగి చూస్తారు.

మొదటి పాఠం నీళ్ళు చల్లిన ఖాళీ స్థలంలో. మధ్యలో ఒక కోన్ పెట్టి దాని చుట్టూ గుండ్రంగా జారుతూ తిరగమన్నారు. వేగం గంటకు ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు. తడి నేల మీద టైర్లు అరగవు, బండి నెమ్మదిగా జారుతుంది కాబట్టి ఏం జరుగుతోందో ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. రెండో గేరు కూడా అక్కర్లేదు. స్టీరింగు తిప్పి, ఒక్కసారి యాక్సిలరేటర్ నొక్కితే వెనక భాగం జారుతుంది. అప్పుడు ఎదురు స్టీరింగు ఇచ్చి, కాలితో కొంచెం కొంచెం ఇస్తూ ఆ జారుడును నిలబెట్టాలి. వినటానికి ఇంతే.

మూడు నెలలు నేను దాన్ని నిలబెట్టలేకపోయాను. వెనక భాగం జారగానే చేతులు బిగుసుకుపోయేవి. స్టీరింగును గట్టిగా పట్టుకుని, తొందర తొందరగా ఎదురు దిక్కుకు తిప్పేదాన్ని. ఒకసారి ఆలస్యమయ్యేది, బండి బొంగరంలా తిరిగిపోయేది. ఇంకోసారి ఎక్కువయ్యేది, బండి ఒక్క ఊపులో రెండో వైపుకు విసిరేసేది. ఇంటికి వచ్చాక రాత్రి పడుకుంటే అరచేతులు మండేవి.

పెద్దాయన పక్క సీటులో కూర్చుని రెండే మాటలు చెప్పేవారు. ఒకటి "మెసెన్". చూపు అని. మనం ఎటు పోవాలో అటు చూడు, ముక్కు ఎటుందో అటు కాదు అని. బండి అడ్డంగా ఉన్నప్పుడు పోవాల్సిన దారి ముందు అద్దంలో ఉండదు, పక్క కిటికీలో ఉంటుంది. మెడ తిప్పి కిటికీలోంచి దారిని చూడాలి. ఇది నాకు కొన్ని వారాల్లో వచ్చేసింది. రెండో మాట "తే ఒ హనసే". చేతులు వదులు అని. ఇది రాలేదు. ఆయన అంటున్నకొద్దీ నేను ఇంకా గట్టిగా పట్టుకునేదాన్ని. జారిపోతున్న బండికి స్టీరింగు వదిలేయమంటే చేతులు ఎలా ఒప్పుకుంటాయి?

ఒక ఆదివారం రాత్రి ఫోనులో మాట్లాడుతూ ఈ సంగతి నాన్నకు చెప్పాను.

మా నాన్న బెజవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు లారీల ముందు యాక్సిల్ పని, అలైన్‌మెంటు పని చేశారు. బడి లేని రోజు నేను షెడ్డుకు వెళ్ళేదాన్ని. అప్పట్లో ఇప్పటిలా కెమెరాల మిషన్లు లేవు. జాకీతో ముందు చక్రాన్ని పైకి లేపి, తిప్పుతూ టైరుకు సుద్ద పట్టించి, దాని మీద మేకు ఆనించి చుట్టూ సన్నటి గీత గీసేవారు. రెండు చక్రాల గీతల మధ్య దూరం ముందు ఎంత, వెనక ఎంత అని కొలిచేవారు. ఆ తేడాని బట్టి టై రాడ్ తిప్పేవారు. చక్రాలు ఒకే వరసలో ఉన్నాయా లేదా చూడటానికి వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా నూలు దారం లాగి పట్టేవారు. ఆ దారానికి ఒక కొస నాన్న చేతిలో, రెండో కొస నా చేతిలో. "కదపకు తల్లీ, ఊపిరి కూడా మెల్లగా పీల్చు" అనేవారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళో, తొమ్మిదేళ్ళో.

నేను చెప్పింది విని నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు. "ఆయన చెప్పింది నిజమేనమ్మా. లారీ డ్రైవర్లు నా దగ్గరికి వచ్చి ఏమనేవాళ్ళు? మలుపు తిరిగాక స్టీరింగు వెనక్కి రావటం లేదు మేస్త్రీ, చేత్తో లాగాల్సొస్తోంది అనేవాళ్ళు. నేనేం చేసేవాణ్ణి? కమాన్ కట్టకీ యాక్సిల్‌కీ మధ్య వాలు బిళ్ళ పెట్టి చక్రం వాలు సరిచేసేవాణ్ణి. అది సరిగ్గా ఉంటే వదిలితే చాలు, చక్రం తనంతట తాను బండి పోయే దారికి వచ్చేస్తుంది. నువ్వు జారుతున్నప్పుడు బండి పోయే దారి ఏది? ముక్కున్న దిక్కు కాదుగా. పోతున్న దిక్కుకే చక్రం తిరుగుతుంది. నువ్వు పట్టుకుంటే అది ఎలా తిరుగుతుంది?"

పెద్దాయన మూడు నెలలుగా చెబుతున్నది నాకు తెలుగులో వినిపించేసరికి తలకెక్కింది. వెనక భాగం జారగానే ఎదురు స్టీరింగు ఇవ్వాల్సింది నేను కాదు. చక్రాల వాలు, టైరు మీద పడే బలం కలిసి ఆ పని నా చేతులకన్నా వేగంగా చేస్తాయి. నేను చేయాల్సిందల్లా దాన్ని అరచేతుల్లోంచి జారనిచ్చి, చాలు అనుకున్న చోట పట్టుకోవటం. వదలటం కష్టం కాదు. ఎక్కడ పట్టుకోవాలో తెలియటమే కష్టం.

ఆ తర్వాతి వారం అదే తడి నేల మీద, కోన్ చుట్టూ, వెనక భాగం జారిన క్షణంలో వేళ్ళు విప్పాను. స్టీరింగు నా చేతుల్లో సుడిగాలిలా తిరిగింది. పట్టుకున్నాను. బండి నిలబడింది. అడ్డంగా, స్థిరంగా, కోన్ చుట్టూ ఒక రౌండు, ఇంకో రౌండు, నాలుగు రౌండ్లు. ఇంజను ఒకే స్వరంలో పాడుతోంది. కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. పెద్దాయన బయట నిలబడి చూస్తున్నారు. ఏమీ అనలేదు. వెళ్ళి ఇంకో కోన్ తెచ్చి పెట్టారు, ఎనిమిది అంకె గీయటానికి.

ఎనిమిది అంకె అంటే ఒక కోన్ చుట్టూ కుడి చేతి వైపు జారి, మధ్యలో దిక్కు మార్చి, రెండో కోన్ చుట్టూ ఎడమ చేతి వైపు జారాలి. దిక్కు మారే ఆ క్షణమే డ్రిఫ్టింగ్‌కి ప్రాణం. యాక్సిలరేటర్ వదలగానే బండి బరువు ఒక పక్క నుంచి రెండో పక్కకు ఊగుతుంది. ఉయ్యాల ఒక చివర దాకా పోయి వెనక్కి తిరిగినట్టు. స్టీరింగు ఒక చివర నుంచి రెండో చివర దాకా, సుమారు రెండు చుట్లు, అర సెకనులో తిరగాలి. అంత వేగంగా ఏ మనిషీ చేతులతో తిప్పలేడు. వదలాల్సిందే.

అలా తడి నేల నుంచి పొడి నేలకు వచ్చాను. హ్యాండ్‌బ్రేకు లాగి వెనక చక్రాల్ని జారించటం నేర్చుకున్నాను. మా బళ్ళలో హ్యాండ్‌బ్రేకు బొత్తానికి ఒక చిన్న తొడుగు బిగిస్తారు, లాగి వదిలితే అక్కడే బిగుసుకుపోకుండా. క్లచ్ కిక్ కూడా నేర్చుకున్నాను. జారుడు మధ్యలో క్లచ్‌ను ఒక్కసారి తొక్కి, ఇంజను వేగం పెరగ్గానే టక్కున వదిలేస్తే ఆ ఊపుకు వెనక టైర్లు పట్టు వదిలేస్తాయి. 160 గుర్రాల బండికి అది లేకపోతే జారుడు మధ్యలోనే ఆగిపోతుంది. స్ప్రింగులు గట్టివి వేశాను, ముందు మిల్లీమీటరుకు ఎనిమిది కిలోలు, వెనక ఆరు. అంటే ఎనిమిది కిలోల బరువు పడితే ముందు స్ప్రింగు ఒక మిల్లీమీటరు నొక్కుకుంటుంది. జపాన్‌లో రెండేళ్ళకోసారి బండిని షాకెన్ అనే తనిఖీకి తీసుకెళ్ళాలి. బండి కింది భాగానికీ నేలకూ మధ్య తొమ్మిది సెంటీమీటర్లకు తక్కువ ఉండకూడదని అక్కడ నియమం. కాబట్టి ఎత్తు మరీ తగ్గించలేదు.

వెనక టైర్లు ఎంత త్వరగా అయిపోతాయో చెబితే మీరు నమ్మరు. మధ్యాహ్నానికి ఒక జత. మంచు కాలం వచ్చిందంటే ఉత్తర జపాన్‌లో అందరూ మంచు టైర్లు మార్చుకుంటారు కాబట్టి, అరిగిన పాత టైర్లు దొరుకుతాయి. నేను వాటితోనే నేర్చుకున్నాను.

2018 వచ్చేసరికి సంవత్సరానికి రెండు మూడుసార్లు ఎబిసుకు కూడా వెళ్ళటం మొదలుపెట్టాను. ఎబిసు సర్క్యూట్ ఫుకుషిమా ప్రాంతంలో, నిహొన్‌మత్సు ఊరి దగ్గర కొండ మీద ఉంది. మా ఊరి నుంచి తోహోకు ఎక్స్‌ప్రెస్‌వే మీద సుమారు రెండు గంటలు. ఒకటి కాదు, కొండ మీద చిన్నా పెద్దా ట్రాకులు చాలా ఉన్నాయి. పక్కనే సఫారీ పార్కు. డ్రిఫ్ట్ మత్సురి అని జాతర చేస్తారు. మత్సురి అంటే జాతరే. నిజంగా జాతరలాగే ఉంటుంది, రాత్రి కూడా బళ్ళు తిరుగుతూనే ఉంటాయి. ఇంగ్లండు నుంచి, ఆస్ట్రేలియా నుంచి వచ్చి ఇక్కడే పాత బండి కొనుక్కుని నేర్చుకునేవాళ్ళుంటారు. 2021 ఫిబ్రవరి 13 రాత్రి వచ్చిన భూకంపానికి కొండచరియ విరిగి అక్కడి ఒక ట్రాక్ మీద పడింది. ఆ ఫొటోలు చూసి మా గ్యారేజీలో ఆ రోజంతా ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

నేను ఆగిపోయింది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. కుడి మలుపు నుంచి ఎడమ మలుపులోకి బండి తేలిగ్గా మారేది. ఎడమ నుంచి కుడికి మారేటప్పుడు మాత్రం పదిసార్లలో నాలుగుసార్లు తిరిగిపోయేది. ఒకసారి టైర్ల గోడకు తగిలి వెనక బంపరు పోయింది. తప్పు నాదే అనుకున్నాను. ఎడమ చెయ్యి సరిగ్గా వదలటం లేదేమో అనుకున్నాను. నెలల తరబడి ఆ ఒక్క మార్పునే సాధన చేశాను. అలైన్‌మెంటు మిషన్ మీద పెట్టించాను. క్యాస్టర్ రెండు వైపులా సమానంగానే చూపించింది. ముందు చక్రాలు పైన లోపలికి వాలిన కొలత, కేంబర్, రెండు పక్కలా మూడు డిగ్రీలు. లెక్క అంతా సరిగ్గానే ఉంది. బండి మాత్రం వినటం లేదు.

చివరికి స్టీరింగు కనబడేలా సీటు వెనక ఫోను బిగించి, వీడియో తీసి నాన్నకు పంపాను. నా చేతుల్లో తప్పేదో పట్టుకుంటారని. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు ఫోను. "నీ చేతులు బాగానే ఉన్నాయమ్మా. చక్రం చూడు. కుడికి తిరిగేటప్పుడు చివరి దాకా ఒకే ఊపున పోతోంది. ఎడమకు వచ్చేటప్పుడు మధ్యలో ఒక్క క్షణం తడబడుతోంది. నేను నలభైసార్లు చూశాను. ప్రతిసారీ అక్కడే."

"మిషన్ మీద సమానంగానే ఉంది కదా నాన్నా" అన్నాను.

"మిషన్ మీద బండి నిలబడి ఉంటుంది. నువ్వు నడిపేటప్పుడు నిలబడి ఉండదుగా. ఎడమ చక్రం మీద బరువు పడినప్పుడు అది వెనక్కి జరుగుతోందేమో చూడు."

ఆ రాత్రే బండి కింద దూరాను. ముందు చక్రాన్ని పట్టుకునే కింది చేతి నుంచి ముందు వైపుకు ఒక కడ్డీ పోయి బండి చట్రానికి బిగించి ఉంటుంది. టెన్షన్ రాడ్ అంటారు. చక్రం ముందుకూ వెనక్కూ పోకుండా పట్టి ఉంచేది అదే. దాని చివర రబ్బరు బుష్. ఎడమ వైపు బుష్ నడుమన చిరిగి ఉంది. ఇరవై ఏళ్ళ పైబడిన రబ్బరు, ఏ బండిలోనైనా అంతే. బండి నిలబడి ఉన్నంతసేపూ కడ్డీ దాని చోటే ఉంటుంది. ఎడమ మలుపు నుంచి కుడి మలుపులోకి ఊగినప్పుడు బరువంతా ఎడమ ముందు చక్రం మీద పడుతుంది. అప్పుడు చిరిగిన రబ్బరు సాగి చక్రం వెనక్కి జరుగుతోంది. వాలు తగ్గిపోతోంది. వాలు తగ్గితే చక్రం తనంతట తాను తిరిగే బలం తగ్గుతుంది. సరిగ్గా నేను చేతులు వదిలి దాన్ని నమ్ముకున్న క్షణంలో. ఫెండర్ లోపలి ప్లాస్టిక్ మీద టార్చి వేసి చూస్తే, వెనక అంచున టైరు రాసుకున్న గుర్తు నిగనిగలాడుతోంది. కుడి వైపు అదే చోట దుమ్ము పేరుకుని ఉంది. నెలల తరబడి ఆ గుర్తు పక్కనే కూర్చుని టైర్లు మార్చాను. చూడలేదు.

రెండు వైపులా రబ్బరు లేకుండా, ఇనుప గుండు కీలుతో, పొడవు మార్చుకోవటానికి వీలున్న కడ్డీలు వేశాను. కడ్డీని కొద్ది మిల్లీమీటర్లు కుదిస్తే చక్రం ముందుకు వస్తుంది, వాలు పెరుగుతుంది. ఏడు డిగ్రీల దగ్గర ఆపాను. ఆ పని గ్యారేజీలో చేశాను కానీ చక్రాల వరస మాత్రం నేనే చూసుకున్నాను. నూలు దారంతో. రెండో కొస పట్టుకునేవాళ్ళు లేక దాన్ని స్టాండుకు కట్టాను. పెద్దాయన చూసి దగ్గరికి వచ్చారు. స్టాండుకు కట్టిన కొస విప్పి తన చేతిలోకి తీసుకున్నారు. ఊపిరి మెల్లగా పీల్చమని నేను చెప్పలేదు. ఆయనే ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

తర్వాతి సెలవు రోజు నిక్కో వెళ్ళాను. ఉదయం చలి, ట్రాక్ పొడిగా ఉంది. మొదటి మలుపు, రెండోది, ఆ తర్వాత ఎడమ నుంచి కుడికి. వదిలాను. స్టీరింగు కడ దాకా ఒక్క ఊపున పోయింది, తడబాటు లేకుండా. దాన్ని పట్టుకునేసరికి బండి నేను అనుకున్న చోటే, అనుకున్నంత అడ్డంగా ఉంది. ఆ రోజు ఒక్కసారి కూడా తిరిగిపోలేదు.

సాయంత్రం వీడియో పంపాను. అప్పుడు బెజవాడలో మధ్యాహ్నం. ఈసారి నాన్న వెంటనే ఫోను చేశారు. బాగుందని గానీ, బాగాలేదని గానీ అనలేదు.

"వెనక టైర్లు రెండూ ఒకేలా అరిగాయా?" అన్నారు.

ఫోను చెవికి ఆనించుకునే బండి వెనక్కి వెళ్ళి, టార్చి వేసి, వంగి తడిమి చూశాను. కుడి టైరు లోపలి అంచు కాస్త ఎక్కువ అరిగింది. అదే చెప్పాను.

"అయితే రేపు వెనక్కి దారం కట్టు" అన్నారు.